నా జన్మరత్నము

నంద్యాలలో నేను ఎనిమిదవ తరగతి చదువుచున్న కాలమున అర్ధసంవత్సర పరీక్షలో గణితమున తప్పితిని. మార్కుల పట్టికను చూచి నాయన ఏమియు అనలేదు. అమ్మ మాత్రము ఆ రాత్రి చాలసేపు నిద్రపోలేదు. పిల్లవానికి జాతిరాయి ఉంగరము చేయించి పెట్టినచో బుద్ధి వికసించునని పొరుగువారెవరో ఆమెకు చెప్పిరి. మా ఇంట బంగారమన్నది అమ్మ చెవుల కమ్మలు మాత్రమే. వానిని అమ్మి రాయి కొనవలెనని ఆమె నిశ్చయించుకొనెను.

మరునాడు నన్ను వెంటబెట్టుకొని బజారునకు పోయెను. మొదటి అంగడి గోడపై ఒక పటము వ్రేలాడుచుండెను. ఏ నెలలో పుట్టినవారికి ఏ రాయి తగునో అందు వ్రాసియుండిరి. నేను సెప్టెంబరులో పుట్టితిని గనుక నీలము ధరింపవలెనని వర్తకుడు చెప్పెను. రెండవ అంగడివాడు నెలతో పనిలేదనెను. నాది కన్యారాశి, దాని అధిపతి బుధుడు, కావున పచ్చయే తగినదనెను. ఇంటికి వచ్చు దారిలో ఒక జ్యోతిష్కుడు నా జన్మనక్షత్రము హస్త యని విని, "హస్తకు అధిపతి చంద్రుడు. ముత్యము పెట్టింపుమమ్మా!" అనెను. ఒక్క పూటలో నాకు మూడు జన్మరత్నములు లభించినవి. అమ్మ దిగులు మాత్రము రెట్టింపయ్యెను.

ఆ మువ్వురిలో ఎవరును అబద్ధమాడలేదని పెద్దవాడనైన తరువాత తెలిసికొంటిని. వారు వేర్వేరు సంప్రదాయములను అనుసరించిరి. మన పూర్వులు సూర్యునకు కెంపు, చంద్రునకు ముత్యము, కుజునకు పగడము, బుధునకు పచ్చ, గురునకు పుష్యరాగము, శుక్రునకు వజ్రము, శనికి నీలము, రాహువునకు గోమేధికము, కేతువునకు వైడూర్యము చెప్పిరి. యూదుల ప్రధాన యాజకుడు 12 రత్నములు పొదిగిన వక్షఃఫలకమును ధరించెడివాడని బైబిలు చెప్పుచున్నది. తరువాతి కాలమువారు ఆ పండ్రెండింటిని 12 నెలలతో ముడివేసిరి. నేడు అంగళ్లలో కనబడు నెలల పట్టికను 1912లో అమెరికా నగల వర్తకుల సంఘము కాన్సస్ నగరమున స్థిరపరచెను. 1967లో టాంజానియా దేశమున వెలుగు చూచిన టాంజనైటు అను రాయిని 2002లో డిసెంబరు నెలకు చేర్చిరి.

ఇంకొక వింత గలదు. సూర్యుడును శనియు తండ్రికొడుకులైనను పరస్పర శత్రువులని జ్యోతిషము చెప్పును. వారి రాళ్లైన కెంపు, నీలము రెండును కురువిందమను ఒకే ఖనిజము! క్రోమియము లేశమాత్రము కలిసినచో ఎరుపు. ఇనుము, టైటానియము కలిసినచో నీలము. ఇక వజ్రము మన సీమ నేలలోనే పుట్టినది. బనగానపల్లె గనులు పూర్వము వజ్రములకు ప్రసిద్ధములు. ఇప్పటికిని తొలకరి వానలు కురియగానే జొన్నగిరి, తుగ్గలి పొలములలో జనులు వంగి వజ్రములకై వెదకుచుందురు. పాశ్చాత్యులకు అది ఏప్రిలు రాయి; కాని ఆ పొలములలో అన్ని నెలలలో పుట్టినవారును కనబడుదురు.

ఇవేవియు ఆనాడు మాకు తెలియవు. ఏమి చేయుటకును తోచక అమ్మ నన్ను తీసికొని, 40 కిలోమీటర్ల దూరమున ఆళ్లగడ్డలో ఉన్న మేనమామను సలహా అడుగబోయెను. శిల్పములకు పేరుపొందిన ఊరది. మామ ఇంటి ఎదుటనే ఒక వృద్ధశిల్పి విగ్రహము చెక్కుచుండెను. అమ్మ ఆయనను సమీపించి, "అయ్యా! రాళ్ల మర్మము మీకు తెలియును గదా! మా వానికి ఏ రాయి మంచిది?" అని అడిగెను.

ఆయన సుత్తితో రెండు రాళ్లను తట్టెను. ఒకటి గంటవలె మ్రోగెను. రెండవది బొంగురుగా పలికెను.

"మేమును రాతిని పరీక్షింతుము తల్లీ! మ్రోగిన రాయి విగ్రహమునకు పనికివచ్చును. కాని ఎంత మంచి రాయియైనను ఉలి తగులక దేవుడైనట్లు నేనెన్నడును చూడలేదు" అనెను.

పిమ్మట నా వైపు తిరిగి, "నవతాల విగ్రహమునకు 9 తాలములు; తాలమునకు 12 అంగుళములు. మొత్తమెన్ని?" అనెను. నేను తడబడితిని. ఆయన కోపింపక నా చేతికి బొగ్గుముక్క నిచ్చెను. బండపై లెక్కించి 108 అంటిని.

"మంచిది. మా అంగుళము నీ కొలబద్దలోనిది కాదు. విగ్రహపు ఎత్తులో 108వ వంతు. విగ్రహము 54 సెంటీమీటర్లైనచో అంగుళమెంత?"

"అర సెంటీమీటరు."

"ముక్కు దగ్గర ఆ అర తప్పినచో ముఖమంతయు చెడును నాయనా!"

భిన్నములు ఎందులకో నాకు మొదటిసారి ఆనాడు తెలిసినది. అమ్మ మారు మాటాడక కమ్మలను కొంగున ముడివేసికొనెను. సెలవులంతయు ఆ శిల్పి చెంతనే గడపితిని. వార్షిక పరీక్షలో గొప్ప మార్కులు రాలేదు గాని తప్పలేదు.

ఆ కమ్మలు అమ్మ చెవులనే ఉండిపోయినవి. వానిలో చిన్న తెల్లరాళ్లు పొదిగి యుండెను. నీ జన్మరత్నమేదని ఎవరైన అడిగినచో నాకు అవియే జ్ఞప్తికి వచ్చును. అవి ఏ గ్రహమునకు చెందినవో నేనెన్నడును విచారింపలేదు.