పావలా ఆగే చోటు

శాంటా క్లారాలో ఎల్ కమినో రియల్ రోడ్డు దిగి రెండు సందులు లోపలికి వెళ్తే మా స్నేహితురాలి బాబాయిగారిల్లు. నేనూ ఆయన్ని బాబాయిగారనే పిలుస్తాను. చిప్పుల కంపెనీలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. గ్యారేజ్‌లో కారు పెట్టుకునే చోటంతా బల్లలే. గోడకి బిగించిన మందపాటి చెక్క మీద నల్లటి పేఫోన్ ఉంది. "ముందు దీన్ని ఎత్తి చూడమ్మా" అని కిందున్న ఇంకో ఫోన్ చూపించారు. రెండు చేతులూ వేసినా మోకాలి దాకా లేవలేదు.

గోడమీదున్నది వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి ఒంటి కన్నం ఫోన్. అంతకుముందు వాటికి నెత్తిన మూడు కన్నాలుండేవి. ఐదు సెంట్ల బిళ్ళకు ఒకసారి, పది సెంట్లకు రెండుసార్లు గంట మోగేది. పావలాకి పెద్ద గంట. ఇరవై ఐదు సెంట్ల క్వార్టర్‌ని బాబాయిగారు పావలా అనే అంటారు. ఎవరెంత వేశారో ఆపరేటరు చెవితోనే లెక్కకట్టేది. 1960ల్లో ఒంటి కన్నం ఫోన్లు వచ్చాక గంటల బదులు బీప్‌లు వచ్చాయి. ఐదు సెంట్లకు ఒకటి చొప్పున పావలాకి ఐదు.

గోడమీది ఫోన్‌ని ఆయన కూపర్టినోలోని డి ఆంజా కాలేజీ ఆవరణలో అప్పట్లో నెలకో శనివారం జరిగే ఎలక్ట్రానిక్స్ సంతలో కొన్నారు. తాళాలు లేవు. పైమూతకొకటి, గల్లాపెట్టెకొకటి, రెండు తాళాలూ డ్రిల్లుతో తొలిచి తీయాల్సి వచ్చింది. లోపల గ్రీజు గట్టిపడి బెల్లప్పాకంలా పట్టేసిందట. శాంటా క్లారాలోనే ఉన్న హాల్టెడ్ అనే పాత విడిభాగాల కొట్టు 2019లో మూతపడకముందు తెచ్చుకున్న రిలేలూ వైర్లూ ఇప్పటికీ డబ్బాల్లో ఉన్నాయి. "అక్కడ గంటల తరబడి తిరిగేవాణ్ణమ్మా. మీ పిన్ని ఫోన్ చేసి భోజనానికి పిలిచేది" అన్నారు.

ఆయన మూత తీసి టార్చి వేశారు. నేను పావలా వేశాను. అది ఏటవాలు దారిలో దొర్లి, సైజూ బరువూ పరీక్ష దాటి, హాపర్ అనే చిన్న తొట్టిలో ఆగింది. అక్కడే ఉండిపోయింది. గల్లాలోకీ పోలేదు, వెనక్కీ రాలేదు. "దాని సంగతి తేల్చేది ఈ ఫోన్ కాదమ్మా" అన్నారు బాబాయిగారు. ఎక్కడో మైళ్ళ దూరంలో ఎక్స్ఛేంజ్ తేల్చేదట. అవతలివాళ్ళు ఫోనెత్తితే, మాట అయ్యాక లైన్ మీద ప్లస్ 130 వోల్టులు పంపేది, తొట్టి అడుగు తలుపు తెరుచుకుని బిళ్ళ గల్లాలో పడేది. ఎత్తకపోతే మైనస్ 130. బిళ్ళ తిరిగొచ్చి మన వేలికందే గూట్లో పడేది. మాట కలవకపోతే డబ్బు తీసుకోకూడదన్న న్యాయాన్ని ఎవరో ఇంత శ్రద్ధగా ఇనుములో చేసిపెట్టారు. నాకు చాలా ముచ్చటేసింది.

చిక్కల్లా ఇక్కడే. ఫోన్ బాగుచేస్తే సరిపోదు. పేఫోన్ సగం యంత్రం, మిగతా సగం ఎక్స్ఛేంజ్‌లో ఉండేది. ఆ ఎక్స్ఛేంజీ ఇప్పుడు లేదు. ఏటీ అండ్ టీ తన పేఫోన్ వ్యాపారం మూసేస్తున్నట్టు 2007లో ప్రకటించింది. న్యూయార్క్ నగరం తన చివరి పబ్లిక్ పేఫోన్‌ను 2022లో పీకేసింది. సరదాకి బాగుచేసేవాళ్ళు చాలామంది డయల్ టోన్ వినబడితే చాలనుకుంటారు. బిళ్ళను పట్టుకోలేని, తిరిగివ్వలేని ఫోన్ బాగయినట్టు కాదని బాబాయిగారి పట్టుదల. నాకూ అదే సబబనిపించింది. అందుకే అరచేతంత రాస్‌ప్‌బెర్రీ పై కంప్యూటర్‌లో ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, 130 వోల్టుల కోసం విడిగా బోర్డు చేసి, ఓ చెప్పుల డబ్బాలో ఎక్స్ఛేంజ్ కట్టారు.

అంతా కుదిరాక కూడా బిళ్ళ తిరిగిరాలేదట. రిలే టక్కుమంటుంది, గూడు మాత్రం ఖాళీ. మూడు వారాలు సర్క్యూట్ వెతికారు. చివరికి వంపు తిరిగిన గొట్టంలోకి వైరు దూర్చి లాగితే నల్లబడిన కాగితం ఉండొకటి ఊడొచ్చింది. దాని వెనకే ఆయన వేసిన పావలాలు, వాటితో పాటు ఆయనవి కాని రెండు పది సెంట్ల బిళ్ళలు. ఇది పాత దొంగల పద్ధతి: కాగితం కుక్కిపోతారు, జనం డబ్బు ఇరుక్కుపోతుంది, తర్వాత వచ్చి ఊడదీసుకుంటారు. ఈ దొంగ తిరిగి రాలేదు. ఆ ఉండనీ రెండు బిళ్ళలనీ ఆవకాయ సీసా కడిగి అందులో దాచారు. "ఎవరి డబ్బో! నేనెలా వాడతాను?" అన్నారు.

ఆ బిళ్ళలు చూస్తుంటే మా ఊరు గుర్తొచ్చింది. గుడివాడలో కిళ్ళీకొట్టు దగ్గర ఎర్రటి కాయిన్ బాక్స్ ఉండేది. రూపాయికి మూడు నిమిషాలు. బీప్ రాగానే చేతిలోని రెండో రూపాయి వేడెక్కేది.

తొట్టిలో నా పావలా ఇంకా అలాగే ఉంది. వంటింటి నంబరు నొక్కమన్నారు. పిన్నిగారికి ఎత్తొద్దని ముందే చెప్పారు. ఆరుసార్లు మోగాక పెట్టేశాను. లోపల టక్కుమని శబ్దం, గూట్లో ఖణేల్‌మని పావలా. వెచ్చగా ఉంది.

"ఇప్పుడు అమ్మకి చెయ్యి" అన్నారు. ఇండియాలో అప్పుడు రాత్రి పదిన్నర. అమ్మ ఎత్తింది. పేఫోన్ నుంచి చేస్తున్నానన్నాను. "పేఫోనా! అయితే త్వరగా చెప్పవే, డబ్బులైపోతాయి" అంది. నిదానంగానే మాట్లాడమన్నాను. పక్కింటి పెళ్ళి సంగతీ, మోకాళ్ళ నొప్పీ, నేను తిన్నానా లేదా, అన్నీ అయ్యాయి. అంతసేపూ పావలా తొట్టిలోనే ఉంది. టార్చి వెలుగులో దాని అంచు కనబడుతూనే ఉంది. రిసీవర్ కొక్కేనికి తగిలించాను. ఈసారి గూట్లో చప్పుడు లేదు. కింద ఖాళీ గల్లాపెట్టెలో ధణ్‌మంది.