గ్రీన్ స్క్రీన్ ముందు కొత్తవాళ్లు

ఏఎస్/400 మీద చాలా ఏళ్లు పనిచేశామని రాసుకొచ్చిన రెజ్యూమేల్లో నేను మొదట చూసేది ఒక్కటే. ఏఎస్/400, ఐసిరీస్, సిస్టమ్ ఐ, ఐబీఎం ఐ అని నాలుగు విడివిడి నైపుణ్యాలుగా వరసపెట్టి రాశారా? రాసి ఉంటే ఆ కాగితం పక్కన పెట్టేస్తాను. 1988లో వచ్చిన మెషీన్‌కీ, దాని ఆపరేటింగ్ సిస్టమ్‌కీ 2000, 2006, 2008లో ఐబీఎం మార్చుకుంటూ వచ్చిన పేర్లవి. దాని మీద నిజంగా పనిచేసినవాళ్లు ఇప్పటికీ ఏఎస్ ఫోర్ హండ్రెడ్ అనే అంటారు. రెజ్యూమే తయారుచేసి అమ్మేవాళ్లకి ఈ సంగతి తెలియకపోవడం నా అదృష్టం.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా హోల్‌సేల్ వ్యాపారుల ఆర్డర్లు, బిల్లింగ్, స్టాకు చూసుకునే సాఫ్ట్‌వేర్‌ని ఈ మెషీన్ మీద నడిపించే టీమ్ మాది. మనుషుల్ని ఎంచడం, తయారుచేయడం నా పని. ప్రోగ్రాములు చాలావరకు ఆర్‌పీజీలో ఉంటాయి. పిల్లలు వీడియో గేమ్ అనుకుంటారు కానీ, 1959లో పంచ్ కార్డుల కాలంలో పుట్టిన భాష ఇది. పాత పద్ధతి ఆర్‌పీజీలో ఏ అక్షరం ఎన్నో కాలమ్‌లో పడిందన్నదాన్ని బట్టే దాని అర్థం. తొంభైల్లో రాసిన ప్రోగ్రాములు మెషీన్ లోపలి ప్రాసెసర్ మొత్తం మారిపోయినా ఒక్క లైను తిరగరాయకుండా ఈ రోజుకీ బిల్లులు కొడుతున్నాయి. రాసినవాళ్లు మాత్రం రిటైరైపోయారు.

అనుభవం ఉన్నవాళ్లు దొరకరు. దొరికినా చేతిలో ఇంకో రెండు ఆఫర్లు పెట్టుకుని, నోటీస్ పీరియడ్ చివరి వారంలో ఫోనెత్తడం మానేస్తారు. అందుకే ఫ్రెషర్లనే తీసుకుంటున్నాను. వాళ్లకి ఆర్‌పీజీ రాకపోయినా ఫరవాలేదు, అది కొన్ని వారాల్లో వచ్చేస్తుంది. ఎవరో రాసి వదిలేసినదాన్ని ఓపిగ్గా చదవగలరా లేదా అన్నదే నాకు కావాలి. మా దగ్గర ఒక మార్పుకి రాసేది నాలుగు లైన్లయితే, ఆ నాలుగూ ఎక్కడ పెట్టాలో తేల్చడానికి చదివేది వేలల్లో ఉంటుంది.

అందుకని ఇంటర్వ్యూలో కోడ్ రాయమనను, ఒక ప్రింటవుట్ చేతికిస్తాను. ముందు రెండు ముక్కలు చెబుతాను. చెయిన్ అంటే కీ ఇచ్చి ఫైల్లో రికార్డు వెతకడం. దొరక్కపోతే ఆ లైన్లో రాసిన ఇండికేటర్ ఆన్ అవుతుంది, దొరికితే ఆఫ్ అవుతుంది. ఇండికేటర్లకి పేర్లుండవు, 01 నుంచి 99 దాకా నంబర్లంతే. నా ప్రింటవుట్‌లో కస్టమర్ ఫైల్ మీద చెయిన్, ఇండికేటర్ 42. కొన్ని లైన్ల కింద ఐటెమ్ ఫైల్ మీద చెయిన్, మళ్లీ అదే 42. ఇంకొంచెం కిందికి వెళ్తే, 42 ఆఫ్‌లో ఉంటే కస్టమర్ డిస్కౌంట్ లెక్కకట్టమని ఉంటుంది. కస్టమర్ దొరక్క, ఐటెమ్ మాత్రం దొరికితే బిల్లు ఏమవుతుంది?

ఎర్రర్ వస్తుంది సర్, అంటారు ఎక్కువమంది. రాదు. రెండో చెయిన్ 42ని ఆఫ్ చేసేసింది కాబట్టి ప్రోగ్రామ్ ఏమీ ఎరగనట్టు డిస్కౌంట్ వేసుకుంటూ పోతుంది. కాస్త నిదానించినవాళ్లు ఇక్కడిదాకా వస్తారు. తెనాలి నుంచి వచ్చిన ఒక బీకాం అమ్మాయి ఇంకో అడుగు వేసింది. "అయితే ఆ డిస్కౌంట్ ఫీల్డులో అప్పుడు ఏముంటుంది సర్?" అసలు తిరకాసు అక్కడే ఉంది. చెయిన్‌కి రికార్డు దొరక్కపోతే ఆర్‌పీజీ ఫీల్డుల్ని ఖాళీ చేయదు. అంతకుముందు చదివిన కస్టమర్ విలువలే అందులో ఉండిపోతాయి. అంటే ఒకరి డిస్కౌంట్ ఇంకొకరి బిల్లుకి పడుతుంది. అది విని ఆమె అంది: "ఎక్కువ పడితే కస్టమర్ ఫోన్ చేయడు కదా సర్." వాళ్ల నాన్నకి హార్డ్‌వేర్ షాపు ఉందట. ఆమెకి జావా అంతంతమాత్రం. అక్కడికక్కడే ఓకే చెప్పాను.

ఆమె కోసం హెచ్‌ఆర్‌తో చిన్న యుద్ధమే చేయాల్సివచ్చింది. బీటెక్, 60 శాతం అన్న గీత వాళ్లది. క్రెడిట్ నోట్ అంటే ఏమిటో, సరుకు వెనక్కొస్తే లెడ్జర్‌లో ఏం జరుగుతుందో ట్యాలీలో చేతులు పెట్టిన బీకాం పిల్లలకి తెలిసినంతగా నా ఇంజినీర్లకి తెలియదు. భాష నేను నేర్పగలను. దుకాణం నేర్పడం చాలా కష్టం.

ఆర్‌పీజీ కూడా మారింది. 2013లో దాదాపు అంతా ఫ్రీ ఫార్మాట్‌కి వచ్చింది, 2015లో కాలమ్‌ల హద్దులు పూర్తిగా పోయాయి. వీఎస్ కోడ్‌లో కూర్చుని హాయిగా రాసుకోవచ్చు. ప్రాక్టీస్‌కి పబ్400 అనే ఉచిత సర్వర్ ఉంది. అయినా నేను మొదట పచ్చ అక్షరాల పాత టెర్మినల్, అంటే గ్రీన్ స్క్రీన్ ముందే కూర్చోబెడతాను. అర్ధరాత్రి గొడవ వచ్చేది అక్కడే.

ఈ మెషీన్ మీద రాత్రి బ్యాచ్‌లో అంకె ఉండాల్సిన చోట చెత్త కనిపిస్తే ప్రోగ్రామ్ వెంటనే చచ్చిపోదు, ఆగి అడుగుతుంది. స్టేటస్‌లో ఎంఎస్‌జీడబ్ల్యూ అని పడుతుంది. మెసేజ్ తెరిస్తే డెసిమల్ డేటా ఎర్రర్, పక్కన సీ, జీ, డీ, ఎఫ్ అని జవాబులు. సీ అంటే రద్దు. డీ, ఎఫ్ అంటే డంప్ తీసి రద్దు. జీ అంటే కానివ్వమని. కొత్తవాళ్ల వేలు జీ మీదికే పోతుంది, పని ఆగకూడదన్న ఆదుర్దాలో. జీ కొడితే జాబ్ నిజంగానే కదులుతుంది. కానీ చేస్తున్న లెక్కని మధ్యలో వదిలేసి, తర్వాతి రికార్డు చదివే దగ్గర్నుంచి మళ్లీ మొదలవుతుంది. ఆ ఆర్డర్‌కి స్టాకు తగ్గిపోయి ఉంటుంది, ఇన్వాయిస్ మాత్రం ఉండదు. ట్రైనింగ్‌లో క్వాంటిటీ అనే ప్యాక్డ్ ఫీల్డులో ఖాళీలు దూర్చి, చెప్పకుండా బ్యాచ్ నడుపుతాను. జీ కొట్టినవాళ్లు ఆ పూటంతా కూర్చుని ఏ ఫైల్లో ఏది సగం పడిందో చేత్తో రాసి చూపించాలి. విసుగు పని. ఒక్కసారి చేసినవాళ్లు ఇక జీ కొట్టే ముందు నాకు ఫోన్ చేస్తారు, రాత్రి ఎన్నింటికైనా.

తేదీల పాఠం మాత్రం వాళ్లకి సరదా. ఇక్కడ డీఫాల్ట్‌గా రెండంకెల సంవత్సరంలో 40 నుంచి 99 దాకా 1940–1999 కింద, 00 నుంచి 39 దాకా 2000–2039 కింద లెక్క. ఇంకా చాలా టైముంది కదా సర్ అంటారు. అయితే ఈ రోజు తేదీతో 15 ఏళ్ల లీజు ఒకటి ఎంటర్ చెయ్యమ్మా అంటాను. లీజు మొదలవకముందే 1940ల్లో ముగిసిపోతుంది. వైటూకే పుణ్యమా అని అమెరికా వెళ్లిన బాబాయిల కథలు విన్న పిల్లలు కదా, ఒక్కసారిగా సర్దుకుని కూర్చుంటారు.

తల్లిదండ్రులకి ఇవేవీ పట్టవు. ఇది ఎన్నాళ్లుంటుంది సార్ అని ఫోన్ చేసి అడుగుతారు. పెళ్లిచూపుల్లో కూడా ఏ టెక్నాలజీ అని అడుగుతున్నారట. నేను దాచను. కొందరు క్లయింట్లు వేరే ప్యాకేజీలకి మారుతున్నారు. మారేటప్పుడు పాత ప్రోగ్రామ్ ఏం చేస్తోందో చెప్పే మనిషి అక్కడ కూడా కావాలి. రెండేళ్లయ్యాక ఎక్కువ జీతానికి వెళ్లిపోయేవాళ్లని నేను తప్పుపట్టను. వాళ్ల చేత బాండ్ రాయించుకోవడం మాత్రం నాకు నచ్చదు. మేనేజ్‌మెంట్‌తో ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఇప్పుడు ఫ్రెషర్ల ఇంటర్వ్యూలు ఎక్కువగా ఆ తెనాలి అమ్మాయే చేస్తోంది. నా 42 ప్రశ్న పాతబడిపోయిందట, పేజీ ఫొటో తీసి పెడితే ఏఐ క్షణంలో జవాబు చెప్పేస్తుందట. నిజమే. అందుకని తప్పు ఎక్కడుందో ఆమే ముందు చెప్పేసి, ఇది ఇరవై ఏళ్లుగా ఇలాగే ఉంది, సరిచేసే ముందు ఎవరిని అడుగుతారు అంటోంది. చాలామంది మేనేజర్‌ని అంటారు. ఆమెకి కావాల్సింది వేరు. ఇన్నేళ్లుగా ఆ తేడాని నెలాఖరున ఎవరో చేత్తో సర్దుతూ ఉండి ఉండాలి. మనం మాట్లాడకుండా సరిచేస్తే వాళ్లు అలవాటు ప్రకారం మళ్లీ సర్దుతారు, లెక్క రెండోవైపు తప్పుతుంది. అకౌంట్స్‌లో ఆ పని చేసేది ఎవరో ముందు కనుక్కుంటాం మేడమ్ అన్నవాళ్లు ఈసారి ఇద్దరు దొరికారు. వచ్చే నెల చేరుతున్నారు.