'గా' వేరు, 'లీ' వేరు

'బస్సు లేటుగా వచ్చింది' అనని మనిషి నిజామాబాద్ బస్టాండులో దొరకడు. ఈ 'గా' మనకు భలే సౌకర్యం. మెల్ల, త్వర, జాగ్రత్త... దేనికి తగిలించినా పని ఎలా జరిగిందో చెప్పేస్తుంది. ఇంగ్లీషులో దీని జోడీ 'లీ' అని బడిలో నేర్పుతారు. స్లోకి స్లోలీ, క్విక్‌కి క్విక్లీ. అంతవరకూ బాగానే ఉంటుంది. అదే ఊపులో పిల్లలు 'లేటుగా'ను 'లేట్లీ' చేసేస్తారు. లేట్లీ అంటే ఈమధ్య. ఆలస్యానికి ఉత్త 'లేట్' చాలు.

ఇదైనా సర్దుకోవచ్చు. హార్డ్, హార్డ్‌లీ దగ్గర మాత్రం నాకు మనసు చివుక్కుమంటుంది.

బోధన్‌ శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. నిజాంసాగర్ నీళ్లకు పండిన చెరుకు అక్కడికి వెళ్లేది. 2015 డిసెంబరులో అది మూతపడింది. సీజన్ వస్తే రాత్రనక పగలనక అక్కడ పనిచేసినవాళ్ల పిల్లలు ఇప్పుడు హైదరాబాద్ కంపెనీలకు దరఖాస్తులు పెడుతున్నారు. అందులో 'మై ఫాదర్ వర్క్‌డ్ హార్డ్‌లీ' అని రాస్తే? మా నాన్న రెక్కలు ముక్కలు చేసుకున్నాడని రాసినవాడి ఉద్దేశం. చదివేవాడికి తోచేది ఆయన పనే సరిగా చెయ్యలేదని. బిడ్డ చేతి రాతలోనే తండ్రి చాకిరీ కొట్టుకుపోతుంది.

నిజానికి ఈ తేడా మన పిల్లలకు తెలియనిది కాదు. 'కష్టపడి చదివాడు' అంటే ఒకటి, 'కష్టం మీద గట్టెక్కాడు' అంటే ఇంకొకటి. హార్డ్‌లీ కూడా మొదట్లో 'గట్టిగా' అనే అర్థంలోనే ఉండేది. తర్వాత 'కష్టం మీద' అయింది, చివరికి 'అంతంతమాత్రం' దగ్గర స్థిరపడింది. ఇక హార్డ్ సంగతి. పాత ఇంగ్లీషులో క్రియావిశేషణంగా వాడేటప్పుడు దాని చివర ఒక అచ్చు ఉండేది. అది కాలక్రమాన అరిగి రాలిపోయింది. అందుకే ఏ తోకా లేకుండా అదే మాట విశేషణంగా, క్రియావిశేషణంగా రెండు పనులూ చేస్తోంది. ఈ ముక్క చెబితే పిల్లలు ఇట్టే పట్టుకుంటారు, జాబితాలు బట్టీ పట్టించనక్కర్లేదు.

చోటు కూడా చూపించాలి. హార్డ్ క్రియ వెనక వస్తుంది: 'హి వర్క్‌డ్ హార్డ్.' హార్డ్‌లీ క్రియకు ముందు: 'హి హార్డ్‌లీ స్లెప్ట్.'

ఇలాంటి జంట ఇంకొకటి: నియర్ అంటే దగ్గర, నియర్లీ అంటే దాదాపు. ఫాస్ట్‌కైతే 'లీ' లేనే లేదు. 'ఫాస్ట్‌లీ' కనబడితే ఆ తోక కొట్టేసి ముందుకు వెళ్లొచ్చు.