పని అయిందా?

మన ఇళ్లల్లో "వీసా వచ్చింది" అంటే "వెళ్లిపోయినట్టే" అని అర్థం. స్వీట్లు పంచుతారు, సూట్‌కేసులు కొంటారు, ఆవకాయ సీసాకి ఎన్ని కవర్లు చుట్టాలో చర్చిస్తారు. అమెరికా చట్టం లెక్క వేరు. దాని ప్రకారం వీసా అంటే అక్కడి విమానాశ్రయం దాకా వెళ్లి, లోపలికి రానివ్వమని అడగడానికి ఇచ్చిన అనుమతి. అంతే. రానివ్వాలా, ఎన్నాళ్లు ఉండనివ్వాలా అన్నది కౌంటర్‌లో కూర్చున్న అధికారి తేలుస్తాడు. ఐ-94 అనే రికార్డులో ఆయన వేసే తేదీయే అసలు అనుమతి.

2013లో నాకు మొదటిసారి స్టాంపింగ్ అయినప్పుడు మా అమ్మ చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి 108 ప్రదక్షిణలు చేసింది. కోరుకునేటప్పుడు 11, తీరాక 108, అక్కడి ఆనవాయితీ. చేతిలో అంకెల కార్డు పట్టుకుని, ఒక్కో చుట్టుకీ ఒక్కో టిక్కు పెట్టుకుంటూ తిరిగింది. మొక్కు తీరిపోయింది. కోరిక మాత్రం సగమే తీరిందని మాలో ఎవరికీ తెలియదు.

నాకు 2016లో తెలిసింది. చెల్లి పెళ్లికి మూడు వారాల సెలవు మీద హనుమకొండ వచ్చి, తిరిగి వెళ్తున్నాను. అప్పటికి అక్కడ మూడేళ్లుగా టెస్టింగ్ ఉద్యోగం. అద్దెకి తీసుకున్న ఓ అపార్ట్‌మెంట్, వాయిదాలు కడుతున్న కారు, రూమ్మేట్‌కి అప్పజెప్పి వచ్చిన తులసి మొక్క, అన్నీ అక్కడే.

నా ఉద్యోగం సంగతి కొంచెం చెప్పాలి. జీతం ఇచ్చేది ఒక కన్సల్టింగ్ కంపెనీ, పని చేసేది క్లయింట్ ఆఫీసులో. హెచ్-1బి కాగితాల్లో ఏ ఊళ్లో పనిచేస్తామో రాసి ఉంటుంది. 2015 ఏప్రిల్‌లో సిమియో సొల్యూషన్స్ కేసులో వచ్చిన నిర్ణయంతో ఒక సంగతి ఖాయమైంది. క్లయింట్ మారి, రోజూ వెళ్లిరాలేనంత దూరంలో ఇంకో ఊరికి మారితే, పిటిషన్‌ని సవరించి మళ్లీ దాఖలు చెయ్యాలి. నాకు ఊరు మారింది. కంపెనీ సవరణ దాఖలు చేసింది. చేసినట్టు రసీదు నా ఫైల్లో ఉంది. ఆమోదం ఇంకా రాలేదు. "ప్రయాణం చెయ్యొచ్చు" అని కంపెనీ లాయరు పెట్టిన మెయిల్ ప్రింటు కూడా ఉంది.

కౌంటర్‌లో అతను వేలిముద్రలు తీసుకుని, స్క్రీన్ వైపు కొంచెం ఎక్కువసేపు చూశాడు. పాస్‌పోర్టు ఒక ఫోల్డరులో పెట్టి ఇంకో అధికారికి ఇచ్చాడు. ఆయన వెంట వెళ్లమన్నాడు. ఎక్కడికి, ఎందుకు అని అడిగితే "కొన్ని ప్రశ్నలు, అంతే" అన్నాడు.

దాన్ని సెకండరీ అంటారు. వరసగా కుర్చీలు, ఎదురుగా ఎత్తైన బల్ల, దాని వెనక అధికారులు. ఫోన్ వాడకూడదు. గోడ మీద గడియారం ఉంది కాబట్టి ఎంతసేపు కూర్చున్నానో కచ్చితంగా చెప్పగలను: తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. ఎవరూ నా మీద అరవలేదు. నీళ్లిచ్చారు, చిప్స్ ప్యాకెట్ ఇచ్చారు. లాయరుతో మాట్లాడొచ్చా అని అడిగాను. కుదరదన్నారు. అది వాళ్ల నిర్దయ కాదు, నిబంధనే అంత. క్రిమినల్ దర్యాప్తు అయితే తప్ప, ఈ తనిఖీ దశలో లాయరు హక్కు లేదు.

నన్ను ప్రశ్నించిన అధికారి క్లయింట్ లెటర్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేశాడు. శనివారం. ఎవరూ ఎత్తలేదు. తర్వాత నా ఫోన్ తీసుకుని వాట్సాప్ తెరిచాడు. అమ్మ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైప్ చేస్తుంది. ఒక మెసేజ్ దగ్గర ఆగి, "ఇది చదివి ఇంగ్లీషులో చెప్పండి" అన్నాడు. "పని అయిపోయిందా? ఇంక రా." ఉన్నదున్నట్టు చెప్పాను. పని అయిపోయిందా అంటే, ఉద్యోగం అయిపోయిందా అనే కదా? ప్రాజెక్టు ముగిసిందని ఇంట్లో వాళ్లకి ముందే తెలుసన్నమాట?

పెళ్లి జాకెట్లు తేవడానికి టైలర్ దగ్గరికి వెళ్లాను సార్. అవి అయ్యాయా లేదా అని మా అమ్మ అడిగింది. మా భాషలో పని అంటే ఉద్యోగమే కాదు. బ్యాంకుకి వెళ్లడమూ పనే, అంట్లు తోమడమూ పనే. "ఏం పనిమీద వచ్చావ్?" అని చుట్టాన్నీ అడుగుతాం, "నీతో పనుంది" అని స్నేహితుడికీ చెబుతాం. నేను చెప్పినంతసేపూ అతను ఓపిగ్గానే విన్నాడు. టైప్ చేసింది మాత్రం రెండే లైన్లు.

అక్కడ జరిగేదానికి ప్రమాణపూర్వక వాంగ్మూలం అని పేరు. చెయ్యెత్తి నిజమే చెబుతానని ప్రమాణం చెయ్యాలి. ఆయన అడుగుతాడు, మనం చెబుతాం, ఆయన టైప్ చేస్తాడు. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు. ప్రింటు తీసి మన ముందు పెడతారు. ప్రతి పేజీ కింద మన పొడి అక్షరాలు వెయ్యాలి. అందులో "నేను" అని ఉన్న చోటల్లా నేనే. కానీ ఆ వాక్యాలు నావి కావు. నేను పావుగంట చెప్పిన టైలర్ ఆ పేజీలో లేడు. "ఈ మెసేజ్ అర్థం ఏమిటి?" అని ప్రశ్న. "పని అయిపోయింది, రా" అని జవాబు. ప్రశ్నార్థకం కూడా పోయింది.

ఇది ఇలా ఉంటే సంతకం పెట్టను అన్నాను. గొంతు వణికింది కానీ అన్నాను. అతను నన్ను చూసి, పెన్ను తీసుకుని, ఆ జవాబు పక్కన చేత్తో రాశాడు: "బట్టలు కుట్టించే పని గురించి." దాని కింద నా పొడి అక్షరాలు, అతనివి. ఆ రోజు మొత్తంలో నా మాట నెగ్గింది అంతే.

చివర్లో అందరినీ అడిగే కొన్ని ప్రశ్నలుంటాయి. వాటిలో ఒకటి: "మీ దేశానికి తిరిగి పంపితే మీకేమైనా భయం ఉందా?"

ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో నాకు తర్వాత తెలిసింది. ప్రాణభయంతో వచ్చినవాళ్లని వెనక్కి తరమకూడదని చట్టంలో ఉన్న రక్షణ అది. చాలామందికి అదే ఆఖరి అవకాశం. అప్పుడు నాకు అవేవీ తెలియవు. నాకు వరసగా గుర్తొచ్చినవి వేరు. కారు వాయిదా. చెల్లి పెళ్లికి తీసుకున్న పర్సనల్ లోన్. వారం కిందటే పెళ్లి పందిట్లో "మా పెద్దమ్మాయి అమెరికా" అని నాన్న పరిచయం చేసిన వందమంది. "ఏమైందంట?" అని వాళ్లడిగే తీరు. భయం ఉంది. కాళ్లు వణికేంత ఉంది. కానీ ఆయన అడిగే భయం అది కాదని అర్థమైంది. "లేదు" అన్నాను. అలాగే టైప్ చేశాడు. ఆ పేజీలో ఒక్క అక్షరం తప్పు లేదు. నేను మాత్రం ఎక్కడా లేను.

ఇలా రాయించుకోవడం మనతో మొదలవలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో ఏంజెల్ ఐలండ్ అనే దీవి ఉంది. 1910 నుంచి 1940 దాకా అక్కడ చైనా వాళ్లని, జపాన్ వాళ్లని, మన పంజాబీలని ఆపి ప్రశ్నించేవారు. చైనా వాళ్లని మీ ఇంటి ముందు మెట్లెన్ని, పక్కింట్లో ఎవరుంటారు, ఊరి బావి ఎటువైపు అని అడిగి, బంధువులు చెప్పిన జవాబులతో పోల్చేవారు. తేడా వస్తే వెనక్కి. ఆ ప్రశ్నోత్తరాలు ఆర్కైవుల్లో భద్రంగా ఉన్నాయి. వాటితో పాటు మిగిలినవి, ఆ బ్యారక్‌ల చెక్క గోడల మీద వాళ్లు చెక్కుకున్న చైనీస్ పద్యాలు. కూల్చేద్దామనుకున్న ఆ భవనం ఆ పద్యాల వల్లే నిలబడింది. వాంగ్మూలంలో పట్టనిది గోడ మీద రాసుకున్నారని నాకనిపిస్తుంది. మా గదిలో గోడలు రాయడానికి వీల్లేకుండా నున్నగా ఉన్నాయి.

నా పక్క కుర్చీలో నల్గొండ కుర్రాడు. ఎమ్మెస్‌కి వచ్చాడు. మొదటి విమాన ప్రయాణం. ఒకరితో ఒకరు మాట్లాడొద్దన్నారు కాబట్టి మాట్లాడుకోలేదు. కానీ అతని ప్రశ్నలు వినిపిస్తూనే ఉన్నాయి, ఎందుకంటే అతనికి స్పీకర్‌ఫోన్‌లో తెలుగు దుబాసీని పెట్టారు. "మీ విద్యాభ్యాస వ్యయమును ఎవరు భరించుచున్నారు?" అంది ఫోన్. కుర్రాడు బిక్కమొహం వేశాడు. మళ్లీ అడిగింది. "మా బాపు పొలం కుదువ పెట్టిండు" అన్నాడు. ఫోన్ కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఇంగ్లీషులో ఏదో చెప్పింది. "పొలం అమ్మాడు" అని చెప్పింది. కుదువకీ అమ్మకానికీ ఎంత తేడా ఉందో ఆ గదిలో నాకూ అతనికీ మాత్రమే తెలుసు. నేను లేచి చెప్పబోయాను. కూర్చోమన్నారు.

సాయంత్రానికి నా ముందు రెండు దారులు పెట్టారు. వీసా ఇచ్చిన ఉద్యోగం ఆ ఊళ్లో లేదు, కొత్త ఊరికి ఆమోదం లేదు, కాబట్టి లోపలికి రానివ్వడం కుదరదన్నది వాళ్ల నిర్ణయం. ఒకటి, ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్. 1996 చట్టంతో వచ్చింది. జడ్జి ఉండడు, పై అధికారి ఆమోదం చాలు, ఐదేళ్లు ఆ దేశం వైపు చూడకూడదు. రెండోది, ప్రవేశం కోసం పెట్టుకున్న దరఖాస్తుని నా అంతట నేనే వెనక్కి తీసుకోవడం. ఐదేళ్ల నిషేధం పడదు. అది హక్కు కాదు, వాళ్లు ఇస్తేనే దొరుకుతుంది. నాకు ఇచ్చారు. కుర్రాడికి ఇవ్వలేదు.

వీసా మీద అడ్డంగా క్యాన్సిల్ ముద్ర వేశారు. మా ఇద్దర్నీ ఒకే విమానానికి, అందరికంటే ముందు ఎక్కించారు. పాస్‌పోర్టులు కవర్లో పెట్టి సిబ్బందికి అప్పగించారు. అప్పుడు మాట్లాడుకున్నాం. "అక్కా, ఐదేళ్లంట. బాపుకి ఎట్ల చెప్పాలె?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వాంగ్మూలం కాపీ ఇచ్చారా అని అడిగాను. ఇచ్చారు. అందులో పొలం అమ్మినట్టే ఉంది. జాగ్రత్తగా దాచుకోమన్నాను.

చట్టంలో ఇంకో వింత ఉంది. ఆ తనిఖీ దాటనివాళ్లు, ఆ నేల మీద ఎన్ని గంటలు కూర్చున్నా, ఆ దేశంలోకి ప్రవేశించనట్టే లెక్క. నా అపార్ట్‌మెంట్ తాళంచెవి బ్యాగులో పెట్టుకుని, తొమ్మిది గంటలు అక్కడి నీళ్లు తాగి, నేను అసలు రానేలేదు. వస్తువులు రూమ్మేట్ సర్దింది. కారు నష్టానికి అమ్మింది. తులసి తనే ఉంచుకుంది. ఏడు వారాల తర్వాత సవరణ పిటిషన్ ఆమోదం పొందింది. అప్పటికి క్లయింట్ ఆ సీట్లో ఇంకొకర్ని పెట్టుకున్నాడు.

2019లో హైదరాబాద్ కంపెనీ రెండు వారాల మీటింగుల కోసం పంపుతానంది. డీఎస్-160 ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఎప్పుడైనా వీసా నిరాకరించారా, దేశంలోకి రానివ్వలేదా, సరిహద్దు దగ్గర దరఖాస్తు వెనక్కి తీసుకున్నారా? "కాదు అని కొట్టెయ్, ఎవడు చూస్తడు" అని సలహా ఇచ్చేవాళ్లు అమీర్‌పేటలో గల్లీకొకరు దొరుకుతారు. వినకండి. అన్నీ వాళ్ల దగ్గరుంటాయి. వెనక్కి వచ్చినందుకు శాశ్వత నిషేధం లేదు, కానీ అబద్ధం చెప్పినందుకు ఉంది.

అవును అని నొక్కితే కింద ఒక గడి తెరుచుకుంటుంది. "వివరించండి." చిన్న గడి. మూడేళ్లలో నా కథ నన్నే రాయమన్న మొదటి కాగితం అదే. ఏడుపు, టైలర్, నల్గొండ కుర్రాడు, ఏవీ రాయలేదు. పనిచేసే ఊరు మారింది, సవరణ దాఖలైంది, ఆమోదం రాకముందు ప్రయాణం చేశాను, దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను, తర్వాత ఆమోదం వచ్చింది. ఐదు ముక్కలు. ఒక్కో మాటా మళ్లీ మళ్లీ చదువుకుని పెట్టాను. బేగంపేట కాన్సులేట్ కిటికీ వెనక ఆమె అది చదివి, ఆమోదం కాగితం చూపించమంది. చూపించాను. వీసా ఇచ్చింది.

బయటికొచ్చి అమ్మకి చెప్పాను. చిలుకూరు ఎప్పుడు పోదామని అడిగాను.

"ఇప్పుడే ఎందుకు బిడ్డా? నువ్వు ఆడ బయటికొచ్చి ఫోన్ చేసినంక పోత" అంది.