వాన లేని బ్రాడ్‌బరీ మేడ

"తెర వెనక సంగతులు చూస్తే ఇక సినిమా చూడబుద్ధి కాదు" అంటారు కొందరు. మొన్నమొన్నటి దాకా నేనూ ఆ బాపతే. గారడీవాడి సంచీ దులిపితే రాలేది గుడ్డపీలికలే గదా అని నా వాదన. ఆ వాదన లాస్ ఏంజెలిస్‌లో ఒక పాతమేడ మెట్ల మీద ఓడిపోయింది.

'బ్లేడ్ రన్నర్' గుర్తుందా మీకు? రిడ్లీ స్కాట్ డైరెక్షన్‌లో 1982లో వచ్చింది. హారిసన్ ఫోర్డ్ హీరో. 2019 నాటికి లాస్ ఏంజెలిస్ ఎలా ఉంటుందో ఊహించి తీశారు. మనిషి చేసిన మనుషులు, ఎడతెగని వాన, నియాన్ దీపాలు. ఆ 2019 వచ్చింది, వెళ్లింది కూడా. ఆకాశంలో ఎగిరే కార్లు మాత్రం రాలేదు!

మా అబ్బాయి ఆ ఊళ్లోనే ఉద్యోగం చేస్తున్నాడు. నేను వెళ్లిన వారంలోనే ఒక రాత్రి 'డేంజరస్ డేస్' అనే డాక్యుమెంటరీ పెట్టాడు. 'బ్లేడ్ రన్నర్' తీసిన వైనం మీద ఛార్లెస్ డి లాజిరికా 2007లో తీసింది. నిడివి మూడున్నర గంటలు! "మన పౌరాణికాల కంటే పొడుగుందిరా, ఎవడు చూస్తాడు?" అని సణుగుతూనే కూర్చున్నాను. లేచేసరికి అర్ధరాత్రి దాటింది.

మొదట తేలింది వాన రహస్యం. భవిష్యత్తు నగరంలోని ఆ వీధి నిజానికి బర్‌బాంక్‌లో వార్నర్ బ్రదర్స్ స్టూడియోవారి పాత న్యూయార్క్ వీధి సెట్టు. ఎన్నో సినిమాల్లో జనం చూసేసిన వీధి. గుర్తుపట్టకూడదని రాత్రిపూట తీశారు, పొగ పెట్టారు, వాన కురిపించారు. మొదటి షాట్లో మంటలు కక్కే మహానగరం? డగ్లస్ ట్రంబుల్ బృందం గదిలో కట్టిన నమూనా. కోసిన రేకులు, చిట్టిచిట్టి దీపాలు, దట్టంగా పొగ. అంతే!

ఇక యూనిట్లో తగాదాలు. బ్రిటన్‌లో పనివాళ్లు చెప్పినమాట వింటారని డైరెక్టరుగారు అక్కడి పత్రికతో అన్నారట. ఆ కాగితం అమెరికన్ యూనిట్ కంటబడింది. మర్నాడు ఆయన్ను వెక్కిరించే రాతలతో టీషర్టులు తొడుక్కొచ్చారు. ఆయనా ఊరుకోలేదు, బదులుగా తనూ ఒక టీషర్టు రాయించారు! రాత్రుళ్లు తడిసి, పొగ మింగి, నిద్రల్లేక చేసిన పని. కోపాలు రాకేం చేస్తాయి?

నన్ను పట్టేసింది మాత్రం కెమెరామన్ జోర్డన్ క్రోనెన్‌వెత్ సంగతి. పార్కిన్సన్స్ జబ్బు పీడిస్తున్నా ఆ వెలుగునీడలన్నీ ఆయనే దిద్దారు. డాక్యుమెంటరీలో ఆయన నోటిమాట లేదు. 1996లోనే పోయారు. తోటివాళ్లు చెబుతుంటే వినాలి. మూలనవల రాసిన ఫిలిప్ కె. డిక్ అయితే 1982 మార్చిలో, సినిమా విడుదలకు మూడు నెలల ముందే కన్నుమూశారు.

"ఆ మేడ ఇక్కడికి దగ్గరే నాన్నా" అన్నాడు అబ్బాయి. మర్నాడే బయల్దేరాం.

బ్రాడ్‌వే, థర్డ్ స్ట్రీట్ కలిసే మూల. బయటనుంచి చూస్తే మామూలు ఇటుకల కట్టడం. "ఇదేనా?" అన్నాను. లోపల అడుగుపెట్టాక నోట మాట రాలేదు. అయిదంతస్తుల ఎత్తునుంచి అద్దాల కప్పులోగుండా ఎండ జలజలా రాలుతోంది. అల్లికపనిలాంటి ఇనప కమ్ములు, పంజరాల్లాంటి లిఫ్టులు, నున్నని మెట్లు. సినిమాలో బొమ్మల సెబాస్టియన్ ఒంటరిగా బతికే పాడుబడ్డ మేడ ఇదేనంటే నమ్మండి!

1893లో తెరిచారు దీన్ని. కట్టించిన గనుల యజమాని లూయిస్ బ్రాడ్‌బరీ పూర్తికాకముందే చనిపోయారు. ప్లాను గీసిన జార్జ్ వైమన్‌కు ప్రేరణ ఎడ్వర్డ్ బెల్లమీ 1888లో రాసిన 'లుకింగ్ బ్యాక్‌వర్డ్' నవల అని చెబుతారు. అందులో కథ జరిగేది 2000 సంవత్సరంలో. అంటే భవిష్యత్తును ఊహించిన నవలలోంచి ఈ మేడ పుడితే, భవిష్యత్తును ఊహించిన సినిమా వెతుక్కుంటూ దీని దగ్గరికే వచ్చిందన్నమాట!

పగలు ఆఫీసులు నడిచే మేడ గనుక షూటింగంతా రాత్రుళ్లే. సాయంత్రం చెత్త పరిచేవాళ్లు, నీళ్లు కార్పించేవాళ్లు. తెల్లారేసరికి ఊడ్చి, తుడిచి, గుమాస్తాలకు అప్పగించేవాళ్లు. చూడవచ్చిన వాళ్లను మెట్ల మొదటి మలుపు దాకానే పోనిస్తారు. అక్కడ నిలబడితే నాకు హీరో గుర్తురాలేదు. తెల్లవారుజామున చీపురు పట్టుకున్నవాళ్లు గుర్తొచ్చారు. ఆ డాక్యుమెంటరీ చూడకపోతే వాళ్లున్నారనే నాకు తెలీదు.

బయటికొస్తే ఎదురుగా మిలియన్ డాలర్ థియేటర్. 1918లో తెరిచిన హాలు. సినిమాలో దీని బోర్డు కూడా వానలో వెలుగుతూ కనిపిస్తుంది. దానికేసి చూస్తుంటే మన 'మాయాబజార్' (1957) మనసులో మెదిలింది. ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరిన లడ్డూల గురించీ, మార్కస్ బార్ట్లే కెమెరా గురించీ ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటాం. ఆ సెట్టు మీద మేకులు కొట్టినవాళ్లనూ, దీపాలు మోసినవాళ్లనూ ఎదురుగా కూర్చోబెట్టుకుని మూడున్నర గంటలు మాట్లాడించి ఉంటే! తీసిన సినిమా మిగులుతుంది. తీసినవాళ్లు వెళ్లిపోతారు. అడగాల్సింది వాళ్లుండగానే.

ఆ రాత్రి మళ్లీ 'బ్లేడ్ రన్నర్' పెట్టించాను. వాన మొదలైంది.

"ఏం నాన్నా, ఇప్పుడు నీళ్లగొట్టాలే కనిపిస్తున్నాయా?" అని నవ్వాడు మావాడు.

"కాదురా, గొట్టాలు పట్టుకున్నవాళ్లు కూడా తడుస్తున్నారు, చూడు" అన్నాను.