గొంతు దారియు, యంత్రము జోస్యమును

శస్త్రచికిత్సకు ముందు మత్తు వైద్యుడు రోగిచే నోరు తెరిపించి, నాలుక చాపించి, మెడ వెనుకకు వంపించి చూచుట వేడుకకు కాదు. కండరములను సడలించు మందు ఎక్కిన పిదప రోగి తనంతట ఊపిరి తీయజాలడు. అప్పుడు మాస్కుతో ప్రాణవాయువును ఊదుటకు వీలుగాక, స్వరపేటిక కంటబడక, గొట్టము శ్వాసనాళములోనికి పోకున్నచో, మెదడునకు మిగిలిన వ్యవధిని నిమిషములతో లెక్కింపవలసినదే.

ఈ పరీక్షకు సంబంధించి ఒక తెలుగువాని పేరు దేశదేశముల ఆపరేషన్ థియేటర్లలో నిత్యము వినబడుచుండును. గుంటూరు సీమలో జన్మించి బోస్టన్ నగరమున పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావుగారు, నోరు తెరచినపుడు కొండనాలుకయు, మృదుతాలువును ఎంతవరకు కనబడునో దానినిబట్టి రోగులను మూడు తరగతులుగా విభజించి 1985లో ప్రకటించిరి. రెండేండ్లకు ఇతరులు నాలుగవ తరగతిని చేర్చిరి. నాటినుండి “మల్లంపాటి ఎంత?” అని అడుగని మత్తు వైద్యుడు లేడు.

అయినను ముందుచూపు మనకు అంతగా అబ్బలేదు. డెన్మార్కు దేశపు నమోదులనుండి 1,88,064 మంది రోగుల వృత్తాంతమును పరిశీలించి 2015లో వెలువరించిన వ్యాసమున, గొట్టము వేయుట కష్టమైన 3,391 సందర్భములలో 3,154 ఎవరును ముందుగా ఊహింపనివే. కష్టమగునని హెచ్చరింపబడిన వారిలోనో, నాలుగవ వంతుమందికే నిజముగా కష్టమయ్యెను. ముఖచిత్రములను, మెడ ఎక్సరేలను వేలకొలది చూపి, ఏ గొంతు మొరాయించునో కృత్రిమ మేధచే చెప్పింపవలెనను యత్నములు బయలుదేరుటకు ఇంతకన్న కారణమేల?

యంత్రము ఏ ముఖములను చూచి నేర్చినదో ఆ ముఖములనే ఎరుగును. 2011లో వెలువడిన తొలి యత్నములలో ఒకటి శ్వేతజాతి పురుషుల ఛాయాచిత్రములతోనే సాగినది. మా ఆస్పత్రికి పిత్తాశయపు రాళ్లతో వచ్చిన యువ లారీ డ్రైవరు ముఖము చక్కనిది, మెడ పొడవైనది. నోరు మూసికొని దిగిన ఛాయాచిత్రమును చూచిన ఏ యంత్రమైనను అతనికి అభయమిచ్చియుండును. తెరువుమనగా మాత్రము, గుట్కా నమిలి నమిలి బిగిసిపోయిన ఆ నోట నా వ్రేలొక్కటియే దూరినది! మెలకువగా నుండగనే ముక్కుగుండా సన్నని దుర్భిణితో గొట్టము వేసితిమి. చిరకాలముగా మధుమేహమున్న ఒక పెద్దమ్మను చేతులు జోడింపుమంటిని. “మందు ఇవ్వకముందే దణ్ణమా, బాబూ?” అని ఆమె నవ్వెను, కాని వ్రేళ్ల నడుమ సందు మిగిలిపోయెను. కీళ్లు అట్లు బిగిసినవారికి మెడయు సరిగా వంగకపోవచ్చును.

గణితమును మరువరాదు. వేయిమందిలో ఇరువదిమందికి కష్టమగుననుకొందము. నూటికి తొంబదిపాళ్లు సరిగా చెప్పు యంత్రము ఆ ఇరువదిలో పదునెనిమిదిమందిని పట్టును గాని, సులభమైన 980 మందిలో 98 మందిని గూడ వృథాగా భయపెట్టును.

అట్లని నేను దీనిని త్రోసిపుచ్చను. మన చిన్నపట్టణములలో ఒక్క మత్తు వైద్యుడే ఈ నర్సింగ్ హోమునుండి ఆ నర్సింగ్ హోమునకు పరుగిడుచు, రోగిని తొలిసారిగా బల్లమీదనే చూచుచుండును. ముందునాడే నర్సు ఫోనుతో తీసిన చిత్రములను చూచి యంత్రము అనుమానము తెలిపినచో, దుర్భిణిని తెప్పించుకొనుటకో, పెద్ద ఆస్పత్రికి పంపుటకో ఒక రాత్రి వ్యవధి చిక్కును. నా మట్టుకు దాని విలువయంతయు ఆ రాత్రిలోనే యున్నది. యంత్రము “సులభము” అన్నను, రెండవ ఉపాయము లేక మందు ఎక్కించుట తగదు. మల్లంపాటి మొదటి తరగతికి చెందిన ఒక యువతికి నాలుక మొదట పెరిగిన టాన్సిలు స్వరపేటికను మూసివేసెను. వెలుపలి చిత్రమేదియు దానిని చూపజాలదు. మాస్కుతో ఊపిరి ఆడినందున ఆమెను మేలుకొలిపి, జరిగినదంతయు వ్రాసి చేతికిచ్చితిమి.

పాఠకులకొక మనవి: అట్టి కాగితము మీ యింట ఎవరికైన ఇచ్చియుండిరేని, దానిని భద్రపరచి, మరల ఏ శస్త్రచికిత్సకు పోయినను మొదట మత్తు వైద్యునకు చూపుడు.