ఎనిమిదవ సమాధి ఎక్కడ?

మొగలాయిల చరిత్ర చెప్పే కట్టడాలు చూడాలంటే ఢిల్లీకో, ఆగ్రాకో పోవాలని మీరు అనుకుంటారు కదూ? మేమూ అలాగే అనుకునేవాళ్ళం. మేము నలుగురు స్నేహితులం. పటాన్‌చెరు ఫ్యాక్టరీలలో పనిచేస్తాం. ఒక ఆదివారంనాడు, మాలో ఒకడు రాత్రి షిఫ్టు దిగి వచ్చీ రాగానే, పులిహోర పొట్లాలు కట్టుకుని కారులో బయలుదేరాం. మా మిత్రుడి కూతురు, ఆరవ తరగతి పిల్ల, తానూ వస్తానని ఎక్కి కూర్చున్నది.

రామచంద్రాపురం, లింగంపల్లి, గచ్చిబౌలి దాటి, ముందుగా గోల్కొండ ప్రక్కన ఉన్న కుతుబ్‌షాహీ సమాధులకు చేరాం. పెద్ద పెద్ద గుమ్మటాలు, వాటి చుట్టూ తోటలు! 1591లో హైదరాబాదు నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా నిద్రించేది ఇక్కడనే.

ఆ పిల్ల వేళ్ళు మడిచి లెక్కపెట్టి, “నాన్నా, గోల్కొండను ఏలిన సుల్తానులు ఎనిమిదిమంది అని మా పుస్తకంలో ఉంది. ఇక్కడ ఏడుగురివే ఉన్నాయి. ఎనిమిదవ సమాధి ఎక్కడ?” అని అడిగింది.

మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. జవాబు కోటలో వెతుక్కోవలసిందే!

ఎనిమిదవ సుల్తాను అబుల్ హసన్ తానీషా. అక్కన్న, మాదన్నలు ఈయన మంత్రులే. భద్రాచల రామదాసు చెరలో ఉన్నదీ ఈయన కాలంలోనే. మొగలు చక్రవర్తి ఔరంగజేబు 1686లో బిజాపూరును జయించి, మరుసటి సంవత్సరం గోల్కొండమీదికి వచ్చాడు. కోట సామాన్యమైనదా? 87 బురుజులు, 8 దర్వాజాలు! మొగలు సైన్యం గోడల క్రింద సొరంగాలు తవ్వి మందుగుండు కూర్చింది. కోటలోనివాళ్ళు అది పసిగట్టి, లోపలినుంచి ఎదురు తవ్వి, చాలా మందును తీసివేశారు. నిప్పంటించగానే రాళ్ళూ మట్టీ ఎగిరి మొగలు సైనికుల మీదనే పడ్డాయి! పైగా వానలు. మన సంగారెడ్డి ప్రక్కన పారే మంజీర ఉందే, అది పొంగి దారులు తెగి, దండుకు తిండిగింజలు రాకుండా పోయాయి. ఎనిమిది నెలలు గడిచినా కోట లొంగలేదు.

మరి ఎలా లొంగింది?

అబ్దుల్లా ఖాన్ పనీ అనే కోట సర్దారు మొగలుల పక్షం చేరిపోయాడు. 1687 సెప్టెంబరు 21న, ఇంకా తెల్లవారకముందే, ఒక దిడ్డి తలుపు లోపలినుంచి తెరుచుకున్నది! అబ్దుల్ రజాక్ లారీ అనే మరొక సర్దారు గుర్రమెక్కి, కొద్దిమందితో ఎదురువెళ్ళాడు. అతని ఒంటిమీద డెబ్బై గాయాలు లెక్కించారని ఖాఫీ ఖాన్ అనే చరిత్రకారుడు రాశాడు. అయినా అతడు బ్రతికాడు. ఔరంగజేబే అతనికి వైద్యం చేయించాడు. తానీషా మాత్రం కంగారుపడక, తనను పట్టుకోవటానికి వచ్చినవాళ్ళ ఎదుటనే భోజనం ముగించి, వారి వెంట నడిచాడట.

మేము ఫతే దర్వాజా గుండా కోటలోకి వెళ్ళాం. ఫతే అంటే విజయం. మొగలుల విజయాన్నిబట్టే ఆ ద్వారానికి ఆ పేరు వచ్చింది. తలుపులకు ఏనుగులు కుమ్మకుండా ఇనుప ములుకులు బిగించి ఉన్నాయి. బాలా హిసార్ ద్వారంలో గుమ్మటం క్రింద పిల్ల నిలబడి చప్పట్లు కొట్టింది. అప్పటికే కొండమీదికి ఎక్కిన మా మిత్రుడు, “వినబడింది!” అని ఫోనులో చెప్పాడు. వంపు తిరిగిన పైకప్పు చప్పుడును చెదరనీయకుండా త్రిప్పికొట్టి, పైకి పంపుతుందన్నమాట. శత్రువు వస్తే కొండమీదివాళ్ళకు తెలియటానికి ఇది పనికివచ్చేది. కాని, తలుపు తీసేవాడు మనవాడే అయితే ఏ చప్పట్లు హెచ్చరిస్తాయి?

సాయంత్రం చార్మినారు ప్రక్కన ఉన్న మక్కా మసీదుకు వెళ్ళాం. మహమ్మద్ కుతుబ్‌షా 1617లో దీనిని మొదలుపెట్టాడు. తరువాతి సుల్తానుల కాలంలోనూ పని పూర్తి కాలేదు. 1694లో దానిని పూర్తి చేయించింది ఎవరనుకున్నారు? గోల్కొండను జయించిన ఔరంగజేబే! పునాది ఒకరిది, ముగింపు వారి శత్రువుది.

తిరుగు ప్రయాణంలో పిల్ల, “నా ప్రశ్నకు జవాబు చెప్పనేలేదు,” అన్నది.

తానీషాను దౌలతాబాదు కోటలో బందీగా ఉంచారు. పదేళ్ళు దాటిన తరువాత ఆయన అక్కడనే చనిపోయాడు. ఎల్లోరా గుహల దగ్గర ఉన్న ఖుల్దాబాదులో ఆయనను సమాధి చేశారు. 1707లో ఔరంగజేబు కూడా చనిపోయాడు. ఆయన సమాధి ఎక్కడ ఉన్నదో తెలుసా? అదే ఖుల్దాబాదులో! ఓడినవాడూ, ఓడించినవాడూ ఒకే ఊరి మట్టిలో కలిశారు.

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల దీపాలు కనిపించగానే, “అయితే వేసవి సెలవుల్లో ఖుల్దాబాదు వెళదాం నాన్నా!” అన్నది.

మీరూ గోల్కొండ వెళితే ఫతే దర్వాజా దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ ములుకులను చూసి, ఆ చిన్న దిడ్డి తలుపును తలుచుకోండి.